ఆసుపత్రులలో యాంటీబయాటిక్స్ వినియోగంపై ఫార్మసిస్టుల పర్యవేక్షణ

శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి పరిసర గ్రామాల ప్రజలకు అందుబాటులో ఉన్న పెద్ద వైద్యశాలలలో బత్తలపల్లి గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్.డి.టి.) ఆసుపత్రి ఒకటి. అనంతపురం సమీపంలోని రాఘవేంద్ర ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థకు చెందిన ఫార్మ్-డి విద్యార్థులు ఈ ఆసుపత్రి వార్డులలో శిక్షణ పొందుతూ వచ్చారు. దేశంలో 2008లో ప్రవేశపెట్టిన ఈ ఆరేళ్ల కోర్సు ఫార్మసిస్టును మందుల కౌంటరు నుండి రోగి చెంతకు చేర్చినది.

వార్డులో ఫార్మసిస్టు ప్రతి రోగి కేసు షీటును పరిశీలిస్తారు. యాంటీబయాటిక్ మోతాదు రోగి బరువుకు, మూత్రపిండాల పనితీరుకు తగినట్లు ఉన్నదీ లేనిదీ, ఇతర మందులతో పొసగునదీ లేనిదీ సరిచూస్తారు. చికిత్స ప్రారంభమైన 48 నుండి 72 గంటలలో, కల్చర్ పరీక్ష ఫలితాన్ని బట్టి, మందును కొనసాగించుట, మార్చుట లేదా నిలిపివేయుట గురించి వైద్యునికి సూచన చేస్తారు. రోగి మింగగలిగే స్థితికి వచ్చినచో ఇంజెక్షనుకు బదులు మాత్రలు సూచిస్తారు. తుది నిర్ణయం వైద్యునిదే.

అనవసర వాడకం వల్ల సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా పోతాయి. అప్పుడు సాధారణ శస్త్రచికిత్స, ప్రసవం కూడా ప్రాణాపాయం కాగలవు. ఈ కారణంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను తొలుత వాడదగినవి, జాగ్రత్తతో వాడవలసినవి, చివరి అస్త్రంగా దాచుకోవలసినవి అని మూడు వర్గాలుగా విభజించినది. 2014 మార్చి 1 నుండి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్-1 ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అమ్మకాలను దుకాణదారులు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, మూడేళ్లు భద్రపరచవలెను.

జలుబు, ఫ్లూ వంటి వైరస్ వ్యాధులకు యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లిన రోగులు వైద్యుడు సూచించినన్ని రోజులు మందులు వాడవలెను. మిగిలిన మాత్రలను ఇతరులకు ఇవ్వరాదు.