నేటాలు తోటలలో రంగయ్య దంపతులు

మిషనరీ దంపతులన్నంతనే మన మనస్సునకు తోచువారు తెల్లదొరయు, దొరసానియు. విశాలమైన బంగళాయు, ఎడ్లబండియు, ఎండటోపీయు, ముద్దుముద్దుగా పలుకు తెలుగును. 1840లో నెల్లూరు చేరిన డే దొర మొదలు, 1866లో ఒంగోలున కాపురము పెట్టిన క్లౌ దంపతుల వరకు, మన జిల్లాలు ఈ దృశ్యమును చక్కగా ఎరుగును. దీనికి తలక్రిందులైన దృశ్యము మాత్రము మనలో పెక్కుమందికి తెలియదు. తెలుగు దంపతులే సముద్రము దాటి, పరదేశమున మిషనరీలై కాపురము చేసిన కథ యది.

1903 జూన్ నెలలో జాన్ రంగయ్యగారును, ఆయన భార్య కనకమ్మగారును దక్షిణాఫ్రికా దేశమందలి నేటాలున దిగిరి. వారిని పంపినది అమెరికా దేశపు సంఘము కాదు. తెలుగు బాప్తిస్టు సంఘములవారు తమ చందాలతో నడుపుకొన్న హోం మిషనరీ సొసైటీ. స్వరాష్ట్రము వెలుపల తరతరములుగా నివసించు మనవంటి వారికి ఈ కాపురపు చరిత్ర, మతముతో నిమిత్తము లేకుండనే, పట్టించుకొనదగినదని మా అభిప్రాయము.

నేటాలుకు కంత్రాటు కూలీలతో మొదటి ఓడ మద్రాసునుండియే వెళ్లెను. ట్రూరో అను ఆ ఓడ 342 మందితో 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. 1911లో ఈ వలస ఆగునప్పటికి పోయినవారు సుమారు 1,52,000 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసున ఓడ యెక్కినవారే. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలకొలది ఇందులో నుండిరి. అయిన నచ్చట వారు తెలుగువారు కారు, అందరును 'మద్రాసీ'లే. అయిదేండ్ల కంత్రాటు, మొదటి యేట నెలకు 10 షిల్లింగుల జీతము, ఏటేట ఒక షిల్లింగు పెంపు, బియ్యము, పప్పు, నూనె, ఉప్పు, ఎండుచేపలు కొలతప్రకారము. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో బాప్తిస్మము పొందిన కొందరు కూడ ఆ ఓడలలో పోయిరి. తమకు బోధకుని పంపుడని వారు స్వదేశమునకు వ్రాసికొన్న విన్నపమే రంగయ్యగారి ప్రయాణమునకు కారణము.

దంపతులు పని ప్రారంభించిన తావు కియర్స్నీ. అది డర్బనుకు ఉత్తరమున, స్టేంజరు పట్టణమునకు సమీపమున నున్న తేయాకు తోట. 1870ల చివర అచ్చట తేయాకు నాటించిన లీజ్ హ్యూలెట్ దొర తానును మెథడిస్టు ప్రసంగీకుడు. ఆ యేడు డిసెంబరు 27వ తేదీననే కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము వెలసెను. ఆరు నెలలలో నింత జరిగినదన్నచో, సంఘము అక్కడ ముందే యుండినదనియు, కాపరి మాత్రమే కొరవడెననియు స్పష్టము.

ఇక వారి దినచర్య. స్వదేశమున నొక బోధకుని దినము సూర్యునిబట్టి నడచును. నేటాలులో తోట గంటనుబట్టి నడచెను. తెల్లవారకముందే గంట మ్రోగును; కూలీలు సర్దారు వెంట పనిలోనికి పోవుదురు; సాయంకాలమునకుగాని లైన్లకు తిరిగి రారు. సెలవు చీటీ లేక తోట హద్దు దాటిన కూలీని జైలులో పెట్టవచ్చునని చట్టము. కనుక సభికులు గురువునొద్దకు వచ్చుట సాధ్యము కాదు. గురువే ఒక తోటనుండి మరియొక తోటకు నడచుచుండవలెను. చీకటి పడిన పిదప లైన్లలో దీపము చుట్టును నాలుగు కుటుంబములు చేరినదే సభ. ఆదివార మొక్కటే తీరిక. అయితే బట్టలుతుకుకొనుటకును, బియ్యము తెచ్చుకొనుటకును, బంధువులను చూచుటకును ఆ దినమే. కూలీల తీరికలో వంతు నడుగుట యెంత నాజూకైన పనియో పల్లెలలో తిరిగినవారికి చెప్పనక్కరలేదు.

ఇంటి విషయము చూతము. జూన్‌లో దిగినవారికి చలికాలము ఎదురు వచ్చినది. క్రిస్మసు నడివేసవిలో వచ్చినది. పండుగలన్నియు ఋతువులు తప్పినట్లుండును. కొన్ని తోటలలో బియ్యమునకు బదులు మొక్కజొన్న పిండి కొలిచెడివారు. చింతపండునకు, మిరపకాయలకు 'అరబ్బు' దుకాణమునకు పోవలెను. ఆ అరబ్బులు నిజమునకు గుజరాతీ ముసల్మానులు. కరివేపాకు, మునగ మొదలగునవి మనవారే పెరళ్లలో పెంచుకొనిరి. నూరుగురు పురుషులకు నలువది మంది స్త్రీలైనను ఓడలో నుండవలెనని నిబంధన. అనగా లైన్లలో స్త్రీలు కొలదిమంది, వారి కష్టములు అధికము. కనకమ్మగారు ఈ స్త్రీల నడుమ పనిచేసిరి. మగవాడు, అందులో బోధకుడు, వినలేని మాటలు ఆమె చెవినే పడియుండును. చరిత్రలలో భర్తపేరు వచ్చినంత తరచుగా ఆమె పేరు రాదు. ఇది మిషను చరిత్రలకు మాత్రమే చెందిన లోపము కాదు. మన సంఘముల చరిత్రలును అట్లే యున్నవి.

రంగయ్యగారు దిగిన నెలలోనే, జూన్ 4వ తేదీన, గాంధీగారికి సంబంధించిన 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక డర్బనులో మొదలయ్యెను. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళము - నాలుగు భాషలు. తెలుగు లేదు. తెలుగు కూలీకి తన భాషలో అచ్చుపడిన మాట కావలెనన్న బైబిలు, కీర్తనల పుస్తకము వంటివే గతి. ఆనాటి తెలుగు సంఘములకు పాటల పెన్నిధి పురుషోత్తమ చౌదరి. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో పుట్టిన యాయన మన ఒడిశా సోదరులకు దగ్గరివాడే. సంగీతపు బాణీలు దేశీయములు, మాట తెలుగు, మతమేదైనను విన్నవాని చెవికి అది యింటి గొంతు. పిల్లలకు బడి, పెద్దలకు వాచకము, ఈ రెండింటివలన నిలిచినది మతము మాత్రమే కాదు.

అయితే ఈ కాపురమును వర్ణించుచు దాని యిరుకును దాచుట న్యాయము కాదు. తోట యజమాని యనుమతి లేక బోధకుడు లైన్లలో అడుగిడలేడు. 1895 చట్టము ప్రకారము, కంత్రాటు ముగిసి స్వేచ్ఛగా నుండగోరువాడు ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలెను. మొదటియేటి జీతము లెక్కన అది ఆరు నెలల సంపాదన. 1903లో దీనిని పదునారేండ్లు నిండిన మగపిల్లలకును, పదమూడేండ్లు నిండిన ఆడపిల్లలకును విస్తరించిరి. ఈ పన్ను భయముచే కొందరు మరల కంత్రాటులో పడిరి, కొందరు ఇల్లు ముఖము పట్టిరి. సంఘములో నేడున్న కుటుంబము వచ్చే యేడు ఉండునను నమ్మకము లేదు. అట్టివారి చందాలతో మందిరము నిలుపుట యెంత కష్టమో! 1913 సమ్మెలో చెరకుతోటల కూలీలు వేలకొలది పని మానిరి. 1914లో పన్ను రద్దయ్యెను. మరుసటి యేటనే రంగయ్యగారు కాలముచేసిరి. పండ్రెండేండ్లు ఆ దేశమున పనిచేసిరి.

వలస ఆగిన తరువాత కూలీలు దొరకక నేటాలు తేయాకు క్షీణించెను. డర్బనున ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడెను; మత భేదము లేక తెలుగు పేరిట నిలిచిన సంస్థ యది. బాప్తిస్టు సంఘములలో క్రమముగా ఇంగ్లీషు ప్రవేశించెను. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగము, గౌరవింపదగిన సామాజిక భాషలను పేర్కొనుచు, తమిళమునకును ఉర్దూకును నడుమ మన భాషను చేర్చినది. ఇంగ్లీషు ప్రతిలో అది 'టెలెగు' అని అచ్చుపడినది.