జపాను గాజు, ఓరుగల్లు గాజులు

తెలుగులో గాజు అను మాటకు రెండు అర్థములున్నవి. ఇసుకను కరగించి చేసిన పదార్థమును గాజు అంటాము. ఆడువారు చేతికి తొడుగుకొను నగను కూడ గాజు అనే అంటాము. మన ప్రజలకు ఆ పదార్థము మొదట ఏ రూపమున పరిచితమైనదో ఈ ఒక్క మాటయే సూచించుచున్నది. జపాను భాషలోను ఇట్టి ముచ్చట కలదు. పోర్చుగీసు వర్తకులు తెచ్చిన గాజును జపానువారు 'బీదోరో' అన్నారు. ఇది పోర్చుగీసు భాషలోని 'విద్రో' అను మాటకు మారురూపము. చెక్కుడు పని గల గాజును 'గియమాన్' అన్నారు. వజ్రమునకు డచ్చివారు వాడిన మాటనుండి ఇది పుట్టినది. వస్తువుతోపాటు మాటయు ప్రయాణము చేయును.

ఇటునుండి అటు, అటునుండి ఇటు

ఈ ప్రయాణము మొదట మన వైపునుండియే సాగినది. తెలంగాణములోని కొండాపురము త్రవ్వకములలో శాతవాహనుల నాటి గాజు పూసలు దొరకినవి. దక్షిణ భారతమందు, ఆగ్నేయాసియాయందు తయారైన చిన్న చిన్న రంగు పూసలు సముద్రముమీద చాల దూరము పోయినవి. జపానులోని పురాతన సమాధులలో అట్టి పూసలు బయటపడినవి. వాటిలోని అల్యూమినియము, పొటాసియము, సోడియముల పాళ్లను పరీక్షించి, అవి ఏ ప్రాంతపు ముడిసరుకుతో చేసినవో శాస్త్రజ్ఞులు గుర్తించుచున్నారు.

రెండువేల యేండ్లకు గాలి ఎదురు తిరిగినది. 1914 వరకు మన దేశమునకు గాజులు, పూసలు ఎక్కువగా ఆస్ట్రియా సామ్రాజ్యములోని బొహీమియానుండి వచ్చెడివి. మొదటి ప్రపంచ యుద్ధముతో ఆ సరుకు ఆగిపోగా, ఆ స్థానమును జపాను ఆక్రమించినది. అప్పటికే నిజాము రైలుదారి 1886లో ఓరుగల్లును, 1889లో బెజవాడను చేరియున్నది. కావున రేవులలో దిగిన సరుకు లోపలి పట్టణములకు చేరుట సులభమైనది. గాజుల శెట్టి భుజముమీది మలారములో దేశవాళీ గాజులతోపాటు సీమ గాజులును చోటు చేసికొన్నవి. 1941 డిసెంబరులో జపానుతో యుద్ధము వచ్చుటతో ఆ రాక నిలిచినది. ఫిరోజాబాదు కొలుములు ఆ లోటును తీర్చినవి.

జపానునుండి మనకు వచ్చినది సరుకు మాత్రమే కాదు. అక్కడ గాజు విద్య నేర్చిన ఈశ్వరదాస్ వర్ష్నే, 1908లో ప్రజలు పైసా పైసా కూడబెట్టిన నిధితో తళేగావ్‌లో వెలసిన గాజు కర్మాగారమునకు తోడ్పడినాడు.

సత్సుమా కథ

నేడు సేకర్తలు ఎక్కువగా కోరునది జపాను చెక్కుడు గాజు. దానిని 'కిరికో' అందురు. దక్షిణమున సత్సుమా రాజ్యాధిపతి షిమజు నరియోకి 1846లో గాజు పని మొదలు పెట్టించినాడు. అప్పటి ఉద్దేశము అలంకారము కాదు. మందులు నిలువచేయు సీసాలు. 1851లో అధికారమునకు వచ్చిన అతని కుమారుడు నరియాకిర ఆ పనిని కళగా పెంచినాడు. రాగి కలిపి ఎర్ర గాజును సాధించుట ఆ కాలపు విజయము. రాగిపాళ్లు, కొలిమి వేడి, గాలి సోకు తీరు ఏమాత్రము తప్పినను ఎరుపు రాదు.

తెల్లని గాజుపై దళసరిగా రంగు గాజు పొర వేసి, దానిని ఏటవాలుగా కోయుదురు. కోత లోతైనకొలది రంగు పొర పలుచనై, ముదురు ఎరుపు క్రమముగా తేలి తెలుపులో కలిసిపోవును. ఈ రంగు జారుడే సత్సుమా గాజునకు గుర్తు. 1858లో నరియాకిర మరణించినాడు. 1863లో ఇంగ్లీషు యుద్ధ నౌకల కాల్పులలో కర్మాగారము ధ్వంసమైనది. కొద్దికాలమునకే విద్యయు అంతరించినది.

నూరేండ్లకు పైగా ఆ పని చేయు చేయి లేదు. కాని కొన్ని పాత్రలు సేకర్తల యిండ్లలోను, ప్రదర్శనశాలలలోను నిలిచినవి. వాటి బరువు, పొరల మందము, కోతల కోణము పరిశీలించి, 1985లో కగోషిమాలో ఈ పనిని పునరుద్ధరించినారు. ఆ పాత్రలే లేకున్న ఆ విద్య పేరుగా మాత్రమే మిగిలియుండెడిది. సేకరణ ధనవంతుల వేడుక అని తీసిపారవేయువారు ఈ సంగతి తలచవలెను.

పరీక్షించుట ఎట్లు?

పాత చెక్కుడు గాజులో పెక్కింట సీసపు ఆక్సైడు ఉండును. దానివలన గాజు మెత్తనై కోతకు లొంగును, వక్రీభవనము హెచ్చి మెరయును, బరువును పెరుగును. ఈ బరువును బడిలోనే ఆర్కిమెడీసు సూత్రముతో కొలువవచ్చును. ఒక పాత్ర గాలిలో 300 గ్రాములు, నీట వ్రేలాడదీసినపుడు 180 గ్రాములు తూగినదనుకొనుడు. తగ్గినది 120, సాంద్రత 2.5. ఇది మామూలు సోడా-సున్నపు గాజు. నీటిలో 200 గ్రాములే తూగిన, తగ్గినది 100, సాంద్రత 3. ఇందు సీసము ఉండవచ్చును. నీటిలో గాలి బుడగలు అంటుకొనకుండ చూడవలెను. బీటలు వారినవానిని, బంగారు పూత గలవానిని నీట ముంచరాదు.

ఈ పరీక్ష పదార్థమును చెప్పునుగాని పుట్టినచోటును చెప్పదు. ఇంగ్లండులోను సీసపు గాజు చేసినారు. 1985 తరువాతి సత్సుమా పాత్రయు బరువుగానే తూగును. కావున అడుగు అరుగుదల, కోత తీరు, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదను చరిత్ర, ఇవన్నియు కలిపి చూడవలెను. సీసపు పాత్రలో పులుసుగాని పానీయముగాని నిలువ ఉంచరాదు. సీసము దానిలోనికి దిగును.

మన కర్తవ్యము

మూడవ సాలార్ జంగు, మీర్ యూసుఫ్ అలీఖాను (1889-1949), జీవితమంతయు దేశదేశముల కళావస్తువులను కూర్చినాడు. 1951లో నెహ్రూ ప్రారంభించిన హైదరాబాదు ప్రదర్శనశాల ఆ సేకరణ ఫలమే. అచట ఐరోపా గాజు పాత్రలను, జపాను కళావస్తువులను ఒకే కప్పు క్రింద చూడవచ్చును.

అంత సంపద అందరికిని ఉండదు. కాని ఓరుగల్లులోను, చుట్టుప్రక్కల ఊళ్లలోను అటకమీది పెట్టెలలో అవ్వల గాజులు, పూసల దండలు, అత్తరు బుడ్లు ఉండవచ్చును. వాటిలో ఏది జపానుది, ఏది బొహీమియాది, ఏది ఫిరోజాబాదుది అని వెంటనే తేల్చనక్కరలేదు. ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎవరు తొడిగినారు అని పెద్దలను అడిగి చీటి వ్రాసి వస్తువునకు జత చేసిన చాలును. గాజు వేయేండ్లు నిలుచును. దానిని గూర్చిన జ్ఞాపకము ఒక తరముతోనే పోవును. పగిలిన గాజుకన్న పేరు తెలియని గాజు చరిత్రకు పెద్ద నష్టము.