అయిదో నెల చరిత్ర: గర్భస్థ శిశు లోప నిర్ధారణ – మిడ్‌వైఫరీ నర్సు – గోదావరిఖని నేపథ్యం

వ్యాస సంగ్రహం: గర్భంలోని శిశువుకు తీవ్రలోపం ఉన్నదని తేలినప్పుడు కుటుంబానికి తోడుగా నిలిచే బాధ్యత ఎవరిది అనే ప్రశ్నను, మంత్రసాని నుండి మిడ్‌వైఫరీ నర్సు వరకు సాగిన పరిణామంలో, గోదావరిఖని నేపథ్యంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ఉపోద్ఘాతం

తెలుగు కుటుంబాల్లో తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. సాధారణంగా ఏడో నెలలో శ్రీమంతం జరిపి కూతురిని పుట్టింటికి తీసుకువెళ్తారు. శిశువు అవయవ నిర్మాణాన్ని పరిశీలించే టిఫా స్కానింగ్ మాత్రం 18-22 వారాల మధ్య, అంటే అయిదో నెల ప్రాంతంలో జరుగుతుంది. కనుక దుర్వార్త వచ్చే వేళకు గర్భిణి ఇంకా అత్తవారింట్లోనే ఉంటుంది. సింగరేణి గనుల కోసం పలు ప్రాంతాల నుండి వలస వచ్చినవారితో ఎదిగిన పట్టణం గోదావరిఖని. అక్కడి కార్మికవాడలో భర్త షిఫ్టులో ఉండగా, తల్లి మరో ఊళ్లో ఉండగా, ఆ మాటను ఆమె ఒంటరిగా వినవలసి రావచ్చు.

2. మంత్రసాని నుండి ఏఎన్‌ఎం వరకు

మంత్రసాని పురుడు పోసేది, బాలింతను కనిపెట్టుకుని ఉండేది. లోపం ఆమెకు ప్రసవానంతరమే కనిపించేది. అయిదో నెలలో తెలిసే అవకాశం లేదు. ఆసుపత్రి కాన్పులు పెరిగేకొద్దీ ఆమె స్థానం కుంచించుకుపోయింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఏఎన్‌ఎంలను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా మార్చాలని సూచించింది. కుటుంబ నియంత్రణ, టీకాల పనుల నడుమ ప్రసూతి సేవ వారి బాధ్యతల్లో ఒకటిగా మాత్రమే మిగిలింది. స్కానింగ్ వ్యాపించే నాటికి పాత తోడు తొలగిపోయింది. కొత్త తోడు ఏర్పడలేదు.

3. చట్టం పలికినది, పలకనిది

1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం 20 వారాల గడువు విధించింది. ఆ గడువు దాదాపు స్కానింగ్ నాటికే ముగిసేది. 2008లో, గడువు దాటాక శిశువుకు గుండె లోపమున్నదని తెలిసిన ఒక జంట అభ్యర్థనను బొంబాయి హైకోర్టు తిరస్కరించడంతో ఈ వైరుధ్యం దేశమంతటా చర్చకు వచ్చింది. 2021 సవరణతో, మెడికల్ బోర్డు తీవ్రలోపాన్ని ధ్రువీకరించిన సందర్భాల్లో గడువు తొలగింది. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. అనుమతించినట్లయితే, అభ్యర్థన అందిన అయిదు రోజుల్లోగా తగిన కౌన్సెలింగ్‌తో ప్రక్రియ పూర్తయ్యేలా చూడాలి. బోర్డులో స్త్రీవైద్య, శిశువైద్య, రేడియాలజీ నిపుణులకు చోటును చట్టమే నిర్దేశించింది. మిడ్‌వైఫరీ నర్సు ప్రస్తావన లేదు.

లింగనిర్ధారణను అడ్డుకునే 1994 చట్టంలోని 5వ సెక్షన్, నిర్ధారణ ప్రక్రియకు ముందు దాని దుష్ప్రభావాలను వివరించి, గర్భిణికి అర్థమయ్యే భాషలో లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలంటుంది. అది పరీక్షకు ముందటి మాట. ఫలితం తెలిశాక పలకవలసిన మాటకు అంతటి స్పష్టత లేదు.

4. కరీంనగర్ ప్రయోగం

2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. తొలి బృందం శిక్షణకు కరీంనగర్ వేదికయింది. గోదావరిఖని 2016 అక్టోబరు వరకు ఆ జిల్లాలోనిదే. తరువాత పెద్దపల్లి జిల్లాలో చేరింది. 2018లో కేంద్రం జాతీయ మార్గదర్శకాలను వెలువరించింది. అనవసర సిజేరియన్లను తగ్గించడం తెలంగాణలో ఈ శిక్షణ ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక ఆ లక్ష్యం సమంజసమే. అయితే సహజ కాన్పులను లెక్కించినంత సులభంగా ఓదార్పును లెక్కించలేము.

లోపాన్ని నిర్ధారించడం, వైద్య నిర్ణయం చెప్పడం వైద్యుల పని. మిడ్‌వైఫరీ నర్సు పని ఆ తరువాత మొదలవుతుంది: విన్నదాన్ని ఇంటి భాషలో మళ్లీ చెప్పడం, తప్పు తల్లిది కాదని అత్తగారి ఎదుట కూడా అనడం, గర్భం కొనసాగించేవారికి శిశు శస్త్రచికిత్స అందుబాటులో ఉన్నచోట కాన్పు ఏర్పాటు చేయడం, విరమించుకునేవారికి శిశువును చూడాలా వద్దా అన్న ఎంపికనివ్వడం, బిడ్డ లేని తల్లికి పాలు పడినప్పుడు ఉపశమనం చెప్పడం, మరుసటి గర్భంలో ఆమె భయాన్ని గుర్తుంచుకోవడం. ఏ నిర్ణయం వైపూ మొగ్గు చూపకపోవడం వీటన్నిటికీ ఆధారం.

5. ముగింపు

స్కానింగ్ యంత్రం అయిదో నెలను చరిత్రలోకి తెచ్చింది. చట్టం అందులో వైద్యుని, న్యాయమూర్తిని, బోర్డును నిలిపింది. ‘తగిన కౌన్సెలింగ్’ అన్న మాటకు మనిషిని మాత్రం నిర్దేశించలేదు. గోదావరిఖని వంటి వలస పట్టణంలో, పుట్టిల్లు దూరమైన అయిదో నెలలో, ఆ స్థానానికి తగినది శిక్షణ పొందిన మిడ్‌వైఫరీ నర్సే. ఆ బాధ్యత ఆమె విధుల పట్టికలో స్పష్టంగా నమోదు కావలసి ఉన్నది.