తక్కువ బరువు, తక్కువ ముప్పు ఒకటేనా? తెలుగు పల్లె స్త్రీల గుండె ఆరోగ్యంపై ఒక పరిశీలన

ఊబకాయం పట్నవాసపు జబ్బన్న మాటకు కాలం చెల్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల గ్రామీణ స్త్రీలలో బీఎంఐ 25 లేదా అంతకు మించి ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 32.6 శాతం, తెలంగాణలో 23.8 శాతం. పల్లెల్లో గుండె, రక్తనాళాల జబ్బులు మాత్రం అంతకు చాలా ముందే పాతుకుపోయాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు మూడింట ఒక వంతు మరణాలకు ఇవే కారణమని తేలింది. బరువు పెరిగింది కనుక గుండె జబ్బు పెరిగిందని చెప్పేస్తే నిజంలో సగమే చెప్పినట్టు. పల్లె స్త్రీ గుండెకు ఉన్న ముప్పులో పెద్ద భాగం తూకం యంత్రానికి అందదనీ, బరువును తొలి జల్లెడగా వాడినంతకాలం సన్నగా ఉన్న స్త్రీలు ఆ జల్లెడలోంచి జారిపోతూనే ఉంటారనీ ఈ వ్యాసం వాదన.

152 సెంటీమీటర్ల ఎత్తు, 52 కిలోల బరువున్న స్త్రీ బీఎంఐ 22.5. భారతీయుల కోసం తగ్గించి పెట్టుకున్న 23 హద్దు ప్రకారం చూసినా ఆమె బరువు సరిగ్గానే ఉంది. అయితే ఆ 52 కిలోల్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు తొడల్లో ఉందో పొట్టలో ఉందో ఆ అంకె చెప్పదు. పొట్టలోని అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు ఇన్సులిన్ పనితీరును దెబ్బతీస్తుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. 52 దేశాల్లో 27 వేల మందికి పైగా పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, గుండెపోటు ముప్పును అంచనా వేయడంలో బీఎంఐ కంటే నడుము-తుంటి నిష్పత్తే మెరుగని 2005లో తేల్చింది. మన దగ్గర కండ, కొవ్వుల్లోని ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుంది. పుణె దగ్గరి ఆరు గ్రామాల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5. ఇక్కడి పిల్లల్లో కండ బాగా తగ్గింది గానీ, చర్మం కింది కొవ్వు ఆ మేరకు తగ్గలేదు. చిక్కిన ఒంట్లో కొవ్వు దాగి ఉండటం అప్పటి నుంచే ఉందన్నమాట.

బరువుతో అసలు సంబంధమే లేని ముప్పులు ఇంకా ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలను నోటి క్యాన్సర్ పరిశోధకులు ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్ల గుండెను పట్టించుకున్నది తక్కువ. పొగాకు ఆకలిని చంపి మనిషిని సన్నగా ఉంచుతూనే రక్తనాళాలను గట్టిపరుస్తుంది. ఇంకొకటి గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తంమీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా చిన్న వయసులోనే తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. కాన్పు సమయంలో బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్లిన తల్లులకూ తర్వాతి కాలంలో గుండె జబ్బు ముప్పు ఎక్కువే. ఆ సంగతి బాలింత ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పేవాళ్లు అరుదు.

ఈ ముప్పులను పల్లెలో ఎలా జల్లెడ పడుతున్నారో తెలియాలంటే, దీర్ఘకాలిక జబ్బుల ముప్పును అంచనా వేయడానికి ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారాన్ని చూద్దాం. ముప్పై ఏళ్లు దాటినవారికి వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబ చరిత్రలకు మార్కులు వేస్తారు. మొత్తం 4 దాటినవారిని ముందుగా పరీక్షలకు పంపాలి. బరువుకు బదులు నడుమును కొలవమనడం ఈ ఫారంలోని మెచ్చదగ్గ గుణం. అయినా 45 ఏళ్లుండి, రోజూ చుట్ట కాల్చే బక్కపలచని స్త్రీకి వయసుకు 2, పొగాకుకు 2 వస్తాయి. నడుము 80 సెంటీమీటర్లలోపే కనుక అక్కడ సున్నా. కాయకష్టం చేస్తుంది కనుక అక్కడా సున్నా. మొత్తం 4 దగ్గర ఆగిపోతుంది, ముందు వరుసలోకి రాదు. గర్భసంచి ఆపరేషన్‌కూ గుర్రపువాతానికీ ఈ మార్కుల్లో చోటే లేదు.

పొలం పనే గుండెకు రక్ష కదా అనవచ్చు. శ్రమ మేలు చేస్తుంది, సందేహం లేదు. కానీ అది పొగాకు చేటును గానీ, మందులు అందని బీపీని గానీ చెరిపేయలేదు. పైగా హార్వెస్టర్లు వచ్చాక వరి కోత, నూర్పిడి పనులు చాలా ఊళ్లలో కూలీల చేతుల్లోంచి జారిపోయాయి. నడుము కొలవడం కష్టమన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. టేపు చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ తిరగాలి. అక్కడ లంగా బొందు, చీర కుచ్చిళ్లు ఉంటాయి. వాటి మీదుగా చుడితే అంకె పెరుగుతుంది. వసారాలో పదిమంది ముందు బొందు వదులు చేయమనడం మర్యాద కాదు. అందుకే ఇంటి లోపలి గదిలో, ఆశా కార్యకర్త ఒక్కతే ఉండి కొలవాలి. దానికి పట్టే సమయాన్ని ఆమె పనిగా లెక్కగట్టి డబ్బు చెల్లించాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం స్త్రీలు ఉండాల్సిన బరువుకంటే తక్కువున్న చోట గుండె జబ్బుల ఊసు ఎత్తడం పోషకాహారం మీది దృష్టిని మళ్లించదా? మళ్లించదనడానికి హైదరాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లోనే ఆధారం ఉంది. గర్భంలోనూ పసితనంలోనూ అంగన్‌వాడీ అదనపు ఆహారం అందిన పిల్లల్లో, కౌమారానికి వచ్చేసరికి ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిరుసు తక్కువగా ఉన్నాయని 2008లో ప్రచురించిన అధ్యయనం చూపింది. గర్భిణికి పెట్టే తిండి బిడ్డ గుండెకూ కాపు. 1983లో మొదలైన రెండు రూపాయల బియ్యం ఆకలిని తరిమిన సంగతిని ఎవరూ తక్కువ చేయలేరు. అదే చవకకు పప్పు, కూరగాయలు, గుడ్లు అందకపోవడమే ఈనాటికీ మిగిలిన లోటు.

కనుక సీబ్యాక్‌లో రెండు ప్రశ్నలు చేరాలి: గర్భసంచి తీశారా, ఏ వయసులో, అండాశయాలనూ తీశారా? కాన్పప్పుడు బీపీ గానీ, ఫిట్స్ గానీ వచ్చాయా? నడుము ఎంతున్నా రోజూ పొగాకు వాడే స్త్రీని నేరుగా బీపీ, షుగరు పరీక్షలకు పంపాలి. మొదటి ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఆస్పత్రులు కూడా కదలాలి. అండాశయాలను ఉంచారో తీశారో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి, ఆమెకు చదివి వినిపించి మరీ చేతికివ్వాలి.