ఆడంబర శబ్దం: పూర్వార్థం

వేషభాషలతో, పరివారంతో పదిమందిలో వెలిగిపోవాలనుకునే వ్యక్తిని “ఆడంబరపరుడు” అనడం లోకవ్యవహారం. వైదికకాలంలో ఆడంబరం మానవగుణం కాదు, అదొక భేరి. శుక్ల యజుర్వేద వాజసనేయి సంహిత 30వ అధ్యాయంలో, పురుషమేధ ప్రకరణాన, ఆడంబరాన్ని మోగించేవాడు శబ్దానికి నియుక్తుడు, వీణావాదకుడో, మహస్సుకు. ఈ విభాగం యాదృచ్ఛికమని తోచదు.

అమరకోశంలో తూర్యధ్వని, గజగర్జన ఈ పదానికి అర్థాలు. రాజాగమనాన్ని ముందుగా చాటేవి అవే కనుక, ధ్వనివాచకం క్రమంగా దర్పవాచకమై ఉండవచ్చు. తెలుగువారి “వాగాడంబరం”లో ఆ పాత మోత ఇంకా వినబడుతుంది.

బృహదారణ్యకోపనిషత్తు ఐదవ అధ్యాయంలో మాత్రం ఈ భేరి మోగదు. దేహం విడిచి ఊర్ధ్వగతి పొందే జీవునికి వాయువు రథచక్రరంధ్రమంత దారి ఇస్తాడు; సూర్యుడు లంబరమనే వాద్యపు రంధ్రమంత (దీనికే ఆడంబరమని పాఠాంతరం); చంద్రుడు దుందుభి రంధ్రమంత.