అంత్యక్రియల వద్ద నిరసన: వాషింగ్టన్ చట్టం గీసిన 500 అడుగుల హద్దు

వాషింగ్టన్ రాష్ట్రం రెడ్‌మండ్‌లోని సీడర్ లాన్స్ శ్మశానవాటికలో ఖననం జరుగుతుండగా, 500 అడుగుల లోపు ఎవరైనా కావాలని గలాటా చేసినా, మితిమీరిన శబ్దం చేసినా, దానివల్ల కార్యక్రమానికి భంగమని తెలిసీ చేస్తే అది నేరం. అల్లరి ప్రవర్తనను శిక్షించే సెక్షన్‌లో రాష్ట్రం 2007లో ఈ నిబంధన చేర్చింది. పార్థివదేహాన్ని సందర్శనకు ఉంచిన ఫ్యూనరల్ హోమ్, అంతిమయాత్ర, సంస్మరణ సభ జరిగే భవనం కూడా దీని పరిధిలోకి వస్తాయి. గరిష్ఠ శిక్ష 90 రోజుల జైలు, 1,000 డాలర్ల జరిమానా. ప్లకార్డు పట్టుకుని మౌనంగా నిలబడిన మనిషి జోలికి ఈ నిబంధన వెళ్లదు. దీని బలం అక్కడే ఉంది.

ఇలాంటి చట్టాలకు కారణం కాన్సస్ రాష్ట్రం టొపీకాకు చెందిన వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి. స్వలింగ సంపర్కాన్ని సహించినందుకే దేవుడు అమెరికా సైనికులను చంపుతున్నాడంటూ ఆ చర్చివాళ్లు అంత్యక్రియల దగ్గర బోర్డులు పట్టుకునేవారు. జాతీయ శ్మశానాల దగ్గర ఇటువంటి ప్రదర్శనలను కట్టడి చేస్తూ అమెరికా కాంగ్రెస్ 2006లో చట్టం తెచ్చింది. 2012లో నిషేధ సమయాన్ని అంత్యక్రియలకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలకు పెంచింది. ఒహాయో మరింత ముందుకెళ్లి, 300 అడుగుల లోపు పికెటింగ్‌నే నిషేధించింది. అప్పీలు కోర్టు 2008లో దాన్ని సమర్థించింది.

మరి ఈ కొలతలు అసలు బాధితుణ్ణి కాపాడేవా? స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్ కేసు చూడండి. 2006 మార్చిలో మేరీలాండ్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక మెరైన్ సైనికుడి అంత్యక్రియలు జరిగాయి. వెస్ట్‌బరో నిరసనకారులు అంత్యక్రియలు జరిగే చర్చికి సుమారు 1,000 అడుగుల దూరంలో, పోలీసులు చూపించిన చోటే నిలబడ్డారు. పాటలు పాడారు, బైబిల్ వచనాలు చదివారు, కేకలు వేయలేదు. శవయాత్ర వాహనంలోంచి సైనికుడి తండ్రి స్నైడర్‌కు బోర్డుల పైఅంచులు మాత్రమే కనిపించాయి. వాటి మీద ఏం రాసి ఉందో ఆ రాత్రి టీవీ వార్తల్లో చూశాకే తెలిసింది. ఆయనను గాయపరిచింది ఆ రాత. 300 అడుగుల హద్దయినా, 500 అడుగులదయినా దానికి అడ్డుపడేది కాదు. ఆయన వేసిన దావాలో 2011లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో నిరసనకారుల పక్షాన తీర్పిచ్చింది. ప్రజా సమస్యపై బహిరంగ స్థలంలో చెప్పిన మాట ఎంత నొప్పించినా దానికి రక్షణ ఉందన్నారు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. విభేదించిన జస్టిస్ అలీటో ఆ తండ్రి పక్షాన నిలిచారు. మనసు నాకూ అటే మొగ్గుతుంది. అయినా బోర్డు మీది రాతను తూచే అధికారం పోలీసు చేతికి వెళితే, రేపు న్యాయం కోరే నిరసనకారుడి బోర్డు కూడా అదే త్రాసులో పడుతుంది.

శబ్దం సంగతి వేరు. చెవులు మూసుకుని ఎవరూ మంత్రం వినలేరు, కడసారి మాట చెప్పుకోలేరు. వాషింగ్టన్ చట్టం డెసిబెల్స్ లెక్క చెప్పలేదు కాబట్టి, భంగం కలిగిందా అన్నదే గీటురాయి. డప్పులతో సాగే మన అంతిమయాత్ర ఎంత హోరుగా ఉన్నా, అది ఆ కార్యక్రమంలో భాగమే తప్ప దానికి భంగం కాదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

భారతదేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలోని 297వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 301గా కొనసాగుతోంది. అంత్యక్రియలకు గుమిగూడినవారికి ఆటంకం కలిగిస్తే ఏడాది దాకా జైలు. కానీ ఈ సెక్షన్‌కు కొలబద్ద మనోభావాలు గాయపడటం, మతానికి అవమానం జరగటం. వాటిని తూచాలంటే మాటను తూచాల్సిందే. సంహితను సవరించే రోజు వస్తే, ఈ సెక్షన్‌లో మనోభావాల స్థానంలో దూరం, శబ్దం, దారికి అడ్డం అన్న మూడు కొలతలు రాయాలి.