తాళం వేసిన సైన్సు పెట్టె

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శి గారు ఆదేశించారు. రాజుల చరిత్ర నాకు రాదు. స్టాకు రిజిస్టరు చరిత్ర వచ్చు.

1987లో కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రారంభించింది. ప్రాథమిక పాఠశాలలకు గదులు, ఉపాధ్యాయులు, పటాలతోపాటు సైన్సు కిట్టు కూడా ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. అప్పుడు నేనొక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. పెట్టెలు వచ్చాయి, సంతకాలు తీసుకుని పంచాం, రిజిస్టరులో ఎక్కించాం. కొన్నాళ్లకు స్టాకు తనిఖీకి ఒక మారుమూల బడికి వెళ్లాను. బీరువా తాళం తీయిస్తే భూతద్దం, అయస్కాంతం చుట్టిన కాగితాల్లో అలాగే ఉన్నాయి.

"పగిలితే నా జీతంలో రికవరీ పెడతారు కదండీ" అన్నారు మాస్టారు.

ఆ రికవరీ మెమోలు టైపు చేసేది నేనే. గుమ్మంలో ఒక పిల్ల అయస్కాంతం వంకే చూస్తోంది. "వస్తువులన్నీ సక్రమముగా ఉన్నవి" అని రాసి, బీరువా మూయించి వచ్చేశాను.

అప్పటికే మధ్యప్రదేశ్‌లో వేరే దారి నడుస్తోందని తరువాత చదివి తెలుసుకున్నాను. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు హోషంగాబాదు జిల్లాలో 16 పల్లె బడులలో ప్రయోగాలతో సైన్సు చెప్పించడం మొదలుపెట్టాయి. 1978లో అది జిల్లా అంతటికీ పాకింది. పిల్లలు నలుగురేసి కూర్చుని తామే ప్రయోగం చేసి, చూసింది రాసుకోవాలి. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు! ఆ ఏడే అరవింద్ గుప్తా అనే ఐఐటీ ఇంజనీరు అక్కడికి వెళ్లి, అగ్గిపుల్లలను సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు చేయించారు. చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. పైకప్పు దూలాలను త్రిభుజంగా ఎందుకు బిగిస్తారో పిల్లవాడి వేళ్లకే తెలుస్తుంది. విరిగినా రికవరీ లేని సామగ్రి. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. 30 ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని మాత్రం 2002లో అక్కడి ప్రభుత్వమే నిలిపివేసింది. ఫైలు మూయడం ఎంత తేలికో మనకు తెలియనిదా!

మన వైపు 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గర 172 ఎకరాలలో కేంద్రం నెలకొల్పింది. ప్రయోగ సామగ్రిని వ్యాన్లలోనూ, మోటారు సైకిళ్ల మీదా ఊళ్లకే తీసుకువెళ్లింది. పెట్టె బడికి చేరడమే కాదు, తెరిచే మనిషి కూడా వెంట రావాలని వారు గ్రహించారు. మేము పెట్టె ఒక్కటే పంపాం.

మొన్న సైకిలు షాపులో వాల్వు ట్యూబు అడిగితే, షాపతను ఎక్కడో అడుగునున్న డబ్బా వెతికి ఒక మూర తీసిచ్చాడు. మనవరాలితో కూర్చుని త్రిభుజం చేశాను. మూడు అగ్గిపుల్లలు విరిగాయి. ఎక్కడా రాయలేదు.